చెప్పింది నొక్కే వేలు

మా బళ్ళో మూడో తరగతికి చెప్పే పెద్ద మేడమ్ పోయారన్న కబురు గురువారం పొద్దున్న స్టాఫ్ గ్రూపులో వచ్చింది. రాత్రి గుండెనొప్పి వచ్చిందట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. రెండుసార్లు చదివి, "ఎవరు?" అని అడిగాను. పేరు అందులోనే ఉంది. దానికి పైనే, ముందురోజు సాయంత్రం ఆవిడ పెట్టిన మెసేజ్ ఉంది, టాబ్లెట్లు చార్జింగులో పెట్టడం మరిచిపోవద్దని. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి ఎలా ఉండగలిగాయో నాకు ఇప్పటికీ బోధపడదు.

బళ్ళో ఆవిడ నాకు మేడమ్, గేటు దాటితే అప్ప, మావైపు అక్కను అలాగే అంటాం. మా రెండు కుటుంబాలూ విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవే. ఆవిడ పెళ్ళయ్యాక భిలాయి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. నా తెలుగు వింటే ఆవిడకు నవ్వాగేది కాదు. ఇద్దరి ఇళ్ళూ వైశాలి నగర్‌లోనే కాబట్టి సాయంత్రాలు కలిసి నడిచి వెళ్ళేవాళ్ళం. ఆవిడ మాట్లాడేవారు, నేను ఊకొట్టేదాన్ని.

కొన్నాళ్ళ కిందట ఎవరో దాతలు మా బడికి టాబ్లెట్లు ఇచ్చారు. అందులో లెక్కల యాప్ ఉంది. బుట్టలూ మామిడికాయలూ కనిపిస్తాయి, మొత్తం ఎన్నో సరిగ్గా నొక్కితే చప్పట్లు, తప్పు నొక్కితే ఎర్రటి ఏడుపు మొహం. వారం చివర ఎవరికెన్ని నక్షత్రాలు వచ్చాయో తల్లిదండ్రుల ఫోన్లకు దానంతటదే వెళ్ళిపోతుంది. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి ఇదంతా ఏం నేర్చుకుంటారులే అనుకున్నాం. ఆవిడే ముందు నేర్చుకుని మాకు నేర్పారు. పిల్లల చేతికిచ్చే ముందు ప్రతి టాబ్లెట్టునూ చీర చెంగుతో తుడిచేవారు. నెట్ ఆగిపోతే మాత్రం, పిల్లలకు అర్థం కాకూడదని తెలుగులో తిట్టేవారు, "దీని మొహం మండ" అని. హిందీ ఇళ్ళ పిల్లలకు మా బళ్ళో వచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కే.

అందుకని ఆవిడకు యంత్రాలంటే పడదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. అయినా పిల్లకొక టాబ్లెట్ ఎప్పుడూ ఇవ్వలేదు. సగం బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇద్దరికి ఒకటి. ఒకరు చెప్పాలి, ఒకరు నొక్కాలి. చెప్పేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకోవాలి, నొక్కేవాళ్ళు నోరు మెదపకూడదు. చెప్పింది తప్పని తెలిసినా సరే, చెప్పిందే నొక్కాలి. పిల్లలకు ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

"చెప్పింది నొక్కు. తప్పయితే దానికే తెలుస్తాది గదా, నీకేటి తొందర?" అనేవారు. తరగతిలో ఈ మాటలన్నీ హిందీలోనే. నాకు మాత్రం అన్నీ ఆవిడ తెలుగులోనే వినిపిస్తాయి.

దాంతో గోల ఎక్కువ, నక్షత్రాలు తక్కువ. పక్కపిల్లాడి తప్పు మావాడి ఖాతాలో ఎందుకు పడాలని ఒక ఇంజనీరుగారు వచ్చి అడిగారు. ఆయన మాటా నిజమే. ఎందుకప్పా ఇదంతా అంటే ఒక్కోరోజు ఒక్కో జవాబు. చార్జింగు నిలవట్లేదని ఒకరోజు అన్నారు. లెక్క రావడం ఒకటి, వచ్చిందని పక్కమనిషికి చెప్పగలగడం ఒకటి అని ఇంకోరోజు. నేను మరీ పట్టుబడితే, "నాకేటి తెలుసు చెల్లీ, చూద్దాం, ఏటవుద్దో" అన్నారు. వాటిలో ఏది అసలు జవాబో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తరగతిలో పింకీ అని ఒక పిల్ల ఉంది. తండ్రి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. ఇంట్లో బాగానే మాట్లాడుతుందట, బళ్ళో నోరు విప్పదు. అప్ప ఎప్పుడూ దాన్నే చెప్పే మనిషిని చేసేవారు. పక్కపిల్ల వేలు గాల్లో పెట్టుకుని ఎదురుచూసేది. అప్ప దగ్గరికి వచ్చేవారు కాదు, తొందరపెట్టేవారూ కాదు. ఇది హింస కాదా అని నాకు అనిపించేది. వానలు తగ్గాక ఒకరోజు ఆ గదిలోంచి చప్పట్లు వినిపించి వెళ్ళి చూశాను. పింకీ "పన్నెండు" అందట. అప్ప ఎవరి వంకా చూడకుండా, తుడిచిన టాబ్లెట్టునే మళ్ళీ తుడుస్తున్నారు. ఆ సాయంత్రం దారి పొడుగునా వంకాయ పులుసు గురించే మాట్లాడారు.

ఆవిడ పోయాక ఆ తరగతి నాకు ఇచ్చారు. బీరువా తెరిపించి, ఇకనుంచి పిల్లకొకటి అని హెడ్‌మాస్టరు చెప్పారు. గోల పోయింది. నక్షత్రాలు పెరిగాయి. అందరికంటే పింకీవి పెరిగాయి. ఏనాడూ బడి ముఖం చూడని వాళ్ళమ్మ గేటు దగ్గరికి వచ్చి, నాకు ఫోను చూపించి, నా చెయ్యి పట్టుకుంది. నాకూ సంతోషంగానే ఉంది. ఇంటికి నడుస్తుంటే తట్టింది, అప్ప పోయాక ఆ పిల్ల గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదని.

ఇప్పుడు నేను దేన్ని నమ్మాలి? ఫోనులోని నక్షత్రాలు అబద్ధం కాదు, ఆ పిల్లకు లెక్కలు వస్తున్నాయి. అప్ప తప్పేమో, చెప్పమని నిలబెట్టి దాన్ని అన్నాళ్ళు బాధపెట్టారేమో. నేనే తప్పేమో, దానికి వచ్చిన మాటను మళ్ళీ పోగొడుతున్నానేమో. మీలో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళుంటే మీకేమన్నా తోస్తుందేమో. అప్ప మీద నాకు కోపం కూడా వస్తోంది. ఇంత చిక్కుముడి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయారు. కోపం వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఏడుపూ వస్తోంది.

మొన్న పింకీ పక్కన కూర్చుని టాబ్లెట్టు నా మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. నువ్వు చెప్పు, నేను నొక్కుతానన్నాను. చేతులు వెనక్కి కట్టుకుంది. అయిదు పళ్ళేలు, ఒక్కోదాంట్లో మూడు లడ్డూలు. ముందురోజు ఒంటరిగా సరిగ్గా నొక్కిన లెక్కే. తెర మసకబారితే ముట్టుకుని వెలిగించాను, మళ్ళీ మసకబారింది, మళ్ళీ వెలిగించాను. తక్కిన పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. అప్పుడు నెమ్మదిగా "పదహారు" అంది.

నా వేలు అప్పటికే పదిహేను మీదికి వెళ్ళింది. పక్కకు జరపడానికి ఎంత కష్టమైందో ఎలా చెప్పను? ఈ తప్పు వాళ్ళమ్మ ఫోనుకు వెళ్తుంది. పింకీ తెర వంక చూడట్లేదు, నా వేలినే చూస్తోంది. పొరపాటున అందో, నేను ఏం చేస్తానో చూద్దామని అందో నాకు తెలియదు. పదహారు నొక్కాను.

ఎర్ర మొహం వచ్చి ఏడ్చింది. పింకీ నా భుజం మీదికి వంగి, "ఒకటి ఎక్కువ చెప్పాను దీదీ" అంది. ఆ పిల్ల నోట అన్ని మాటలు ఒకేసారి వినడం నాకదే మొదలు. వేలు పదహారు మీదే ఉంచి, ఇంకేమన్నా అంటుందేమోనని అలాగే కూర్చున్నాను.