కొండపాక విందు కోసం సిద్దిపేటలో చేప కాల్చడం నేర్చుకున్నాం

కొండపాకలో మేము పెట్టిన మొదటి సహపంక్తి భోజనం కులం వల్ల చెడలేదు, వంట వల్ల చెడింది. తొంభైల నాటి మాట. దళితవాడలో మల్లవ్వ వాకిట్లో నిప్పులు రాజేసి, ఇనప జాలీ మీద చేపలు, పక్కన బండ మీద పెద్ద కూర, అంటే దున్నపోతు మాంసం, కాల్చాం. చేపల తోలు జాలీకే అంటుకుపోయింది, మాంసం రబ్బరైంది. ఊళ్లోంచి వచ్చిన నలుగురూ కెలికి లేచిపోయారు. మల్లవ్వ తల ఎత్తలేకపోయింది. అయినా వచ్చే ఆదివారం మళ్లీ పిలుస్తానంది. ఈసారీ చెడితే ఆ వాకిలి ఇంకెవరూ తొక్కరు. వంట ఆడవాళ్లకు వదిలేసి ఉపన్యాసం తాము పంచుకునే అభ్యుదయవాదులంటే నాకు ఒళ్లు మంట. అందుకే వ్యాసాలు రాసుకునే నేనూ నేర్చుకోవడానికి బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరున్నరకు హైదరాబాదులో బస్సెక్కాను. టికెట్టు పాతిక రూపాయల లోపే. దారిలో కొండపాక స్టేజీలో మల్లవ్వ ఎక్కింది. తొమ్మిదిన్నరకు సిద్దిపేటలో దిగి, కోమటి చెరువు దగ్గర రెండు కిలోల చేపలు కొని, పెళ్లిళ్లకు వంట చేసే కరీం భాయ్ ఇంటికి నడిచాం. ఇంటి వెనక జాగలో అప్పటికే నిప్పులు సిద్ధంగా ఉన్నాయి.

"చేప కడిగినంక ఏం జేసిన్రు?" అని అడిగాడు.

"జాలీ మీద పెట్టినం" అంది మల్లవ్వ.

"తడిదేనా? గట్ల పెడితె అంటుకోక ఏంజేస్తది?"

చేపను పొడిగుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచాడు. ఉప్పూ కారం కలిపిన నూనె చేపకే పట్టించాడు. జాలీని ముందే బాగా కాల్చి, సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి దాని మీద రుద్దాడు. చేప వేసి రెండు నిమిషాలు కాకముందే నేను అట్లకాడ దూర్చాను. తోలు చిరిగింది.

"సార్, జర ఆగున్రి. అంటుకున్నదంటె ఇంక కాలలేదన్నట్టు. కాలినంక అదే ఇడుస్తది."

"అంతసేపు ఉంచితే మాడిపోదా?" అని వాదించాను.

"మాడుతున్నదంటె నిప్పు ఎక్కువున్నట్టు. నిప్పులు పక్కకు జరపాలె, చేపను గాదు."

మల్లవ్వ నవ్వింది. "మీటింగుల గూడ గింతే, కరీం భాయ్. సారు ఒక్కల మాట గూడ పూర్తి గానియ్యడు."

కోపం వచ్చింది. కానీ తర్వాతి చేపకు చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాలుగైదు నిమిషాలకు అది జాలీని దానంతటదే వదిలింది.

మాంసానికి పొడి నల్లరాతి బండ. తడి రాయి వేడికి పగులుతుందట. బండ ముప్పావు గంట కాలాక కొవ్వు రుద్ది, పచ్చి బొప్పాయి పట్టించి ఇంట్లో సిద్ధంగా ఉంచిన వేలి మందం ముక్కలు పరిచాడు. ఒక్కసారే తిప్పాడు. "ఏలుతోటి ఒత్తున్రి. మెత్తగ దిగబడితె పచ్చిది. జర ఎదురు తంతె దించున్రి. గట్టిగయ్యేదాక చూస్తె పండ్లు ఊడుతయి." దించాక ఐదు నిమిషాలు మూత పెట్టాడు. మధ్యాహ్నం దాకా మల్లవ్వ తానే కాల్చి చూసుకుంది.

ఆదివారం పదకొండింటికి కొండపాకలో రైతు రాజయ్య ఊరివాళ్ల కబురు తెచ్చాడు: పెద్ద కూర కాల్చే నిప్పు వద్దట, తమకు పెట్టే చేపలకు వేరే నిప్పు కావాలట. నేను వాదనకు లేచాను.

"మీరు కూసోన్రి సార్, నా వాకిలి, నేను చెప్త" అంది మల్లవ్వ. "రాజన్నా, నిప్పు ఒక్కటే. ఇష్టముంటె రాన్రి, లేకుంటె ఇంట్ల తినున్రి. నా పేరు మీద ఉపాసం మాత్రం ఉండకున్రి."

గంట తర్వాత రాజయ్యతో కలిపి ఏడుగురు వచ్చారు. చేప తినేవాళ్లు చేప, పెద్ద కూర తినేవాళ్లు పెద్ద కూర. ఒక్క చేపా చిరగలేదు. రెండో చేప సగంలో రాజయ్యకు కారం నషాళానికి ఎక్కింది.

"మల్లవ్వా, నీళ్లియ్యి."

ఆమె తన బిందెలో చెంబు ముంచి ఇచ్చింది. గటగటా తాగి, చెంబు ఆమె చేతికే ఇచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు.

చెంబెడు నీళ్లతో కులం పోతుందా అని మిత్రులు నిలదీస్తారు. పోదు. కానీ నా వ్యాసాలు ఒక్క మనిషినీ ఆ వాకిట్లో కూర్చోబెట్టలేదు, మల్లవ్వ కాల్చిన చేప ఏడుగురిని కూర్చోబెట్టింది. మంచి ఆశయానికి నాసిరకం తిండి చాలనుకోవడం ఎదుటి మనిషిని తక్కువగా చూడడమే. మీరూ అటు వెళ్లి చెరువు చేప కాల్చుకోవాలనుకుంటే పదిలోపు సిద్దిపేట చేరండి, తాజా చేప అప్పుడే దొరుకుతుంది. సంచిలో మాత్రం తుడవడానికి రెండు పొడి నూలుగుడ్డలు పెట్టుకోండి, ఒకటి సరిపోదు.