నర్సమ్మ కట్టిన డజన్లు

ఎనభయ్యో దశకం మొదట్లో సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్ స్టాఫ్ నర్సుగా చేరాను. మాది గుంటూరు వైపు. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ లోపల మెమో అందుకుంటే ఇంటిదారేనని మేట్రన్ మొదటిరోజే చెప్పారు.

ఆపరేషన్‌లో రక్తం అద్దే గాజ్ గుడ్డ ముక్కల లెక్క నా బాధ్యత. ఎన్ని ఇచ్చామో బోర్డు మీద రాయాలి, కడుపు కుట్టేముందు అన్నీ బయటికొచ్చాయో లేదో చూడాలి. ఒక్కటి లోపల ఉండిపోతే చీముపట్టి ప్రాణం మీదికొస్తుంది. అప్పటిదాకా కట్టకు డజను ఉండేవి. నేను చేరిన నెలలోనే కట్టకు పది చొప్పున కట్టాలని ఆర్డరొచ్చింది. నోటీసు అంటించి, పనైపోయిందనుకున్నాం.

ఒక మధ్యాహ్నం సీతాఫల్‌మండి నుంచి సరళ అనే కుట్టుపని చేసుకునే ఆవిడను, పేగు మెలిపడిందని తీసుకొచ్చారు. మూడు కట్టలు విప్పి ఇచ్చాను. విప్పగానే ఒక్కొక్కటీ లెక్కపెట్టాలన్నది నియమం. తొందరలో నేనది మానేసి, ముప్ఫై అని బోర్డు మీద రాసేశాను. ఆఖర్న లెక్కపెడితే ముప్ఫై అయిదు తేలాయి.

తక్కువైతే భయంగానీ ఎక్కువైతే ఏముందని సర్జన్‌గారు సూది అందుకున్నారు. కానీ నేను రాసిన ముప్ఫయ్యే తప్పయితే, లోపల ఇంకేమైనా ఉండిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది, సరళ సంగతి దేవుడికెరుక. లెక్కపెట్టకుండా రాశానని ఒప్పుకుని, కాస్త ఆగమన్నాను. ఆయన చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

కట్టలు కట్టే ఆయా నర్సమ్మ తలుపు దగ్గరే ఉంది. కట్టకు ఎన్ని పెట్టావని అడిగాను. ఆమె బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద జరుపుతూ లెక్క చూపించింది. వేలికి మూడు, మొత్తం పన్నెండు.

"ఎప్పటిలెక్కనే డజను కట్టిన సిస్టర్. మార్చిన్రా ఏంది? నాకెవ్వరు చెప్పలే" అంది.

చదువురాని మనిషికి నోటీసు అంటించి చేతులు దులుపుకున్నది మేమే. మూడు డజన్లంటే ముప్ఫై ఆరు. అయిదు ఎక్కువ కాదు, ఒకటి తక్కువ. సర్జన్‌గారు మళ్లీ వెతికితే కాలేయం కింద దొరికింది.

సరళ కోలుకుని తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికెళ్లింది. నాకు మెమో వచ్చింది. నిజం చెప్పిందని సర్జన్‌గారే రాసివ్వడంతో ఉద్యోగం పోలేదు.

తర్వాత నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో డజను అనే మాట పుట్టుక వెతికాను. ఇంగ్లీషువాళ్లు డజనును ఫ్రెంచివాళ్ల దగ్గర తీసుకున్నారు, వాళ్లకది లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం రెండూ పదీ. మన పన్నెండులోనూ ఉన్నవి ఆ పదీ, రెండే. వేళ్ల కణుపుల వల్లే పన్నెండు లెక్క పుట్టిందని కొందరంటారు. సగానికైనా పావుకైనా సరిగ్గా తెగుతుంది కాబట్టి గాజుల కొట్లో, అరటిపళ్ల బండి దగ్గర అదే చెల్లింది. డజన్ల కొద్దీ అన్నామంటే మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదనే.

లెక్క ఎక్కువొచ్చినా తప్పు లెక్కేనని ఆ రోజు నేర్చుకున్నాను. పద్ధతి మారిస్తే, ఆ పని చేసే మనిషికి నోటితో చెప్పాలని కూడా. మా విద్యార్థినులకు కట్టలు కట్టడం నర్సమ్మే నేర్పేది. లెక్క కణుపుల మీదే, చిటికెన వేలి చివరి రెండూ వదిలేసి.