ఆరో పేరు

దెయ్యాలు, ఆత్మలు లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్ళు ఓడ ఇంజిన్ గదిలో ఫిట్టరుగా చేసినవాణ్ణి. ఎక్కడ ఏ చప్పుడు వచ్చినా దాని వెనక ఒక వదులైన బోల్టు ఉంటుందనే నా లెక్క. ఎవరైనా ఇలాంటి కథ ఎత్తుకుంటే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్పుకొస్తున్నాను కాబట్టి, నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

మాది విశాఖపట్నం జాలరిపేట. నన్ను పెంచింది మా నాన్నమ్మ. మేం మామ్మ అని పిలిచేవాళ్ళం. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే ఆవిడ తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో సామాన్లు మోసే పనికి వెళ్ళాడు. అప్పటికి మా ఊళ్ళో ఇంకా హార్బరు లేదు. పడవలో వెళ్ళి, దూరంగా నిలబడిన ఓడ ఎక్కాడట. తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు.

ఇంట్లో అందరూ ఆయన్ని 'ఎల్లినాయన' అనేవారు. అంటే వెళ్ళినాయన అని. అసలు పేరు మాలో ఎవరికీ తెలీదు. మొగుడి పేరు పలకకూడదని మామ్మ తల్లి ఎన్నడూ పలకలేదు. బొట్టూ గాజులూ కూడా తియ్యలేదు. తను పోయేముందు మాత్రం కూతురి చెవిలో ఆ పేరు చెప్పి, ఆయన లేడని రూఢిగా తెలిసేదాకా పైకి అనొద్దందట. పేటలో ఆయన్ని ఎరిగిన ముసలివాళ్ళంతా ఎప్పుడో పోయారు.

మామ్మ ఒక్కతే కూతురు. మా తాతే ఇల్లరికం వచ్చాడు. అందుకని ఏటా పెద్దల అమావాస్యకి అన్నీ ఆవిడే చూసుకునేది. అయిదు ఆకులు వేసి, ఒక్కో పేరూ పిలిచి, అన్నం, చేపల కూర పెట్టేది. ఎల్లినాయనకి ఆకు ఉండేది కాదు. బతికున్న మనిషిని పెద్దల్లో కలిపి పిలిస్తే ఆయుష్షు తీరిపోతుందని ఆవిడ భయం.

ఉంటే ఆయనకి నూరేళ్ళు దాటుతాయే అని నేను ఏడిపించేవాణ్ణి. "నువ్వు సూసినావేటి?" అనేది.

ఆయన వెళ్ళిన ఊరు మొంబాస అనేది మామ్మ. బొంబాయి అనడం రాక అలా అంటోందని ఇంటిల్లిపాదీ దిద్దేవాళ్ళం. మా నాన్న ఒకసారి పనిమాలా బొంబాయి వెళ్ళి, ఓడరేవులో వాకబు చేసి, ఉత్త చేతులతో వచ్చాడు కూడా.

తొంభైల చివర్లో మా ఓడ మరమ్మతుకి ఆఫ్రికాలో మొంబాసా అనే రేవులో ఆగుతుందని తెలిసింది. ఆ మాట ఇంట్లో చెప్పేసరికి మంచం మీదున్న మామ్మ లేచి కూర్చుంది. ఆ ఏడు ఆవిడకి గుండె బాగా నీరసించింది.

"నానన్నది బొంబాయి కాదురా. మీరెవులూ ఇన్నేదు," అంది. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది.

"నాను పోతే ఆ పేరు నాతోనే పోద్ది. మా అయ్య ఉన్నాడో లేడో కనుక్కుని రా నాయినా. పోయుంటే ఇన్నేళ్ళూ ఆకలితో ఉంచీసినాను కదా."

ఇప్పుడైనా పేరు చెప్పవే అంటే తల అడ్డంగా ఊపింది. మొండిఘటం.

ఓడ అక్కడ పదిరోజులు ఉంది. రెండురోజులు సెలవు అడిగి, వోయ్ అనే ఊరికి బస్సెక్కాను. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళూ జర్మనీవాళ్ళూ కొట్టుకున్నది ఆ పక్కనే, తాయితా కొండల దగ్గర అని రేవులో చెప్పారు. అక్కడ మ్వాకియో అనే పెద్దాయన నాకు చుట్టూ చూపించడానికి ఒప్పుకున్నాడు. ఆ కొండల్లోని తాయితా తెగ మనిషి, రిటైరైన బడిపంతులు. ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడేవాడు.

ఎర్రమట్టి, ముళ్ళకంపలు, సగం పూడిపోయిన కందకాలు, తుప్పుపట్టిన డబ్బాలు చూశాను. మన దేశపు సిపాయిల సమాధులు కూడా చూపించాడు. పేరు తెలీకుండా దేనికోసం వెతుకుతున్నానో నాకే తెలీదు. మన వైపు పేరు ఒక్కటైనా కనబడుతుందేమోనని వేలితో తడుముతూ చదివాను. అన్నీ ఉత్తరాది పేర్లే. సామాన్లు మోసినవాళ్ళకి రాయి ఎవడేస్తాడు?

దారిలో మామ్మ సంగతి ఆయనకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే తన వంశంవాళ్ళ పెద్దల చోటుకి కొండ ఎక్కించాడు.

ఒక పెద్ద బండ కింద అరలాంటి చోట పుర్రెలు వరసగా ఉన్నాయి. వెనకటి రోజుల్లో మనిషిని పాతిపెట్టి, కొన్నాళ్ళకి తవ్వి, తల మాత్రం తెచ్చి పెద్దల పక్కన పెట్టేవారట. వానలు పడకపోయినా, ఇంట్లో జబ్బు చేసినా అక్కడికొచ్చి చెప్పుకునేవారట. భయమేస్తుందనుకున్నాను గానీ వెయ్యలేదు. పెళ్ళిపందిట్లో ఓ పక్కగా కూర్చున్న ముసలివాళ్ళలా ఉన్నారు.

ఇక్కడికొచ్చినవాళ్ళు తమ పెద్దల పేర్లు చెప్పుకోవడం తన ఇంటి పద్ధతి అన్నాడు మ్వాకియో. మామ్మ చెప్పే వరస నాకు నోటికొచ్చు. అయిదు పేర్లూ చెప్పాను. ఒక్కో పేరునీ ఆయన మళ్ళీ పలికి, ఆకు మీద చిటికెడు మొక్కజొన్నపిండి వేశాడు.

నేను ఆపేశాను. ఆయన ఇంకోసారి ఏదో పలికి, ఆరో చిటికెడు వేశాడు.

నేను చెప్పినవి అయిదే కదా అన్నాను.

"ఆరు. చివరిది మెల్లిగా చెప్పావు," అన్నాడు.

"ఏం చెప్పాను?"

"అసిరి."

ఆ పేరు మా శ్రీకాకుళం, విశాఖ వైపే ఎక్కువ వినిపిస్తుంది. మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను అనలేదని రెండుమూడుసార్లు చెప్పాను. ఆయనకి కొంచెం కష్టం తోచింది. మా పెద్దల ముందు నేనెందుకు అబద్ధమాడతాను అన్నాడు.

ఓడకి తిరిగొచ్చాక మా వంటవాడు తేల్చి పారేశాడు. అక్కడి స్వాహిలీ భాషలో అసిలి అంటే మూలం, పుట్టుక అట. ఆయన అదే అని ఉంటాడు, నీ చెవి దాన్ని అసిరి చేసింది అన్నాడు. అయ్యుండొచ్చు. ఇంజిన్ గది చెవులు నావి, సగం చెవుడు. కానీ ఆరు చిటికెళ్ళు నా కళ్ళతో చూశాను.

రెండు నెలల తరవాత ఇంటికొచ్చాను. మామ్మ ఇంకా చిక్కిపోయింది. సంచీ కింద పెట్టి, ఆవిడ చెవి దగ్గర వంగి, "అసిరి" అన్నాను.

నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఎవులు సెప్పినారు నీకు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎలా పోయాడు, ఎక్కడ పోయాడు అని అడుగుతుందనుకున్నాను. అవేవీ అడగలేదు.

"ఆ పెద్దాయన మా అయ్యకీ పిండి ఏసినాడా?"

"వేశాడు మామ్మా. అందరితో పాటే."

"అయితే ఒక్కపూటైనా తిన్నాడు," అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అదే చూడ్డం. నాకూ ఏడుపొచ్చింది.

ఆ ఏడు పెద్దల అమావాస్యకి గోడ పట్టుకుని నడిచొచ్చి, ఆరో ఆకు తనే వేసింది. అన్నం, చేపల కూర పెట్టి, వీధిలోకి వినబడేలా పిలిచింది.

"ఓ అసిరయ్యా, ఓ అయ్యా. ఆలీసమైపోనాది. రా, కూకో."

చలికాలం వెళ్ళకుండానే మామ్మ పోయింది.

నేను ఆ పేరు అనకపోతే మ్వాకియోకి ఎలా వినిపించింది? అన్నానంటే నాకెవరు చెప్పారు? ఈ బోల్టు ఎక్కడ వదులైందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏడు ఆకులు. పేర్లు పిలిచేది నేనే. మామ్మని గట్టిగానే పిలుస్తాను, చివర్లో ఆవిడకి వినబడేది కాదు కదా. అసిరయ్య దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఎంత గట్టిగా పిలుద్దామనుకున్నా, మెల్లిగానే వస్తుంది.