మొదటి ఊరు దాటని ఆట

ఆ రోజు కావలి నుంచి నెల్లూరు వచ్చే బస్సులో, కొత్తగా వచ్చిన ఒక ఆన్‌లైన్ ఆట ఫోన్‌లో వేసుకోవాలా వద్దా అని చూస్తున్నాను. అందులో మనమే ఒక వేషం కట్టుకుని ఊళ్ళు తిరగాలి, యుద్ధాలు చెయ్యాలి. నాకున్న కాస్త తీరికకు అది కుదురుతుందా అని అనుమానం.

బోగోలులో ఎక్కి నా పక్కన కూర్చున్నాయన ఫోన్‌లోకి చూసి నవ్వాడు.

"నేనూ ఆడతా ఉండానన్నా. వారానికి ఒక్కసారే."

"అంత తక్కువ ఆడితే వెనకబడిపోరా?"

"మా ఇంటామె కువైట్‌లో పనిచేస్తా ఉంది. శుక్రవారం ఆమెకు సెలవు. ఇద్దరం ఆటలో కలుసుకుని ఏటిగట్టున నడుస్తాం. యుద్ధానికి పోయిందే లేదు. ఇంకా మొదటి ఊళ్ళోనే ఉండాం."

"ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు కదా?"

"ఫోన్‌లో అయితే ఏదో ఒకటి మాట్లాడతా ఉండాలన్నా. దీంట్లో ఊరికే పక్కన నడిచినా చాలు."

నెల్లూరులో దిగాక, ఈమధ్య ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతున్న మా చెల్లికి ఫోన్ చేసి అడిగాను, "ఒక ఆట ఉంది, నాతో ఆడతావా?" అని.