రబ్బరు చక్రాలు

మా ఆయన బతికున్నన్నాళ్లూ నా కీబోర్డు పెట్టెకు చక్రాల అవసరం లేకపోయింది. పెట్టెలో బరువైన కొస ఆయన పట్టుకునేవారు, తేలికైన కొస నేను. గుమ్మాల్లోంచీ సందుల్లోంచీ వెనక్కి నడవడం ఎప్పుడూ ఆయన పనే. "మెల్లగ, మెల్లగ, గడప ఉన్నది" అని నేను మొత్తుకుంటుంటే "నాకు వీపుల కండ్లున్నయి తియ్" అనేవారు. అని, ఎక్కడో ఒకచోట నెత్తి కొట్టుకునేవారు. పాట ఒక్కటి రాదు ఆ మనిషికి. అయినా మెదక్‌లో నేను వాయించిన ప్రతి ప్రార్థన కూడికలోనూ, ప్రతి పెళ్లిలోనూ చివరి వరుసలో కూర్చుని, అయిపోగానే ముందుకొచ్చి పెట్టె జిప్పు వేసేవారు.

ఆయన పోయాక కొన్నాళ్లు కీబోర్డు మీద దుప్పటి కప్పేశాను. బడికి పోవడం, పిల్లలకు పాఠాలు చెప్పడం, వచ్చి ఒక్కదానికి ఇంత వండుకోవడం, అంతే. పిల్లా జెల్లా లేని ఇల్లు. తాళం తీయగానే నేను పొద్దున వదిలిన గాలే మొహానికి తగిలేది. చివరికి చర్చిలో ఒక పెద్దావిడ అందరి ముందే కడిగేసింది. "ఆయనతోని నీ వేళ్లు గూడ పోయినయానే?" అంది. ఒళ్లు మండింది. ఆ ఆదివారమే దుప్పటి తీశాను.

మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. గృహ ప్రార్థనలు, ఎవరైనా పోయిన ఇంట్లో ఆదరణ కూడికలు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వాయించడానికి వచ్చిన మనిషిని ఒంటరిగా పంపరు. ఆ ఇంటివాళ్లే ఒకరిద్దరు పెట్టె మోసుకుని, ఆటోలో నాతోపాటు ఇంటిదాకా వచ్చేవారు. లోపల పెట్టి, నీళ్లు తాగి, గోడ మీది ఆయన ఫొటో చూసి రెండు మాటలు మాట్లాడి వెళ్లేవారు. నాకేమో సిగ్గు. ఒకరి మెడకు బరువు కావడం నాకు చచ్చినా పడదు. అందుకే ఫోనులో వెతికి వెతికి, చక్రాల పెట్టె తెప్పించుకున్నాను. నల్లగా, నా భుజం దాకా ఉంటుంది. ఒక కొసన రెండు చక్రాలు, ఇంకో కొసన పట్టుకుని లాగడానికి పట్టీ.

ఆటో ఆయన దాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "దీంట్ల మనిషి పట్టెటట్టున్నడు టీచరమ్మా! ఎవల్నన్న ఊరికి తోలుకపోతున్నవా?" అన్నాడు.

"నిన్నే తోలుకపోత, మాట్లాడకుండ నడుపు" అన్నాను.

మొదట్లో మస్తు గర్వం నాకు. ఎవరి సాయమూ లేకుండా వెళ్తున్నాను, వస్తున్నాను. కానీ కూడిక అయిపోయి నేను జిప్పు వేస్తుంటే చుట్టూ ఎవరూ ఉండేవారు కారు. అందరూ అన్నం పళ్లేల దగ్గర. "పోయొస్త" అంటే "నీకేందమ్మా, చక్రాలున్నయి గద! పైలంగ పో" అనేవారు. ఒక్కరు కాదు, ఏ ఇంటికి వెళ్లినా అదే మాట. కోపం వచ్చేది. చక్రాలుంటే మనిషికి మనిషి అక్కర్లేదా? మళ్లీ నా మీద నాకే కోపం, తెచ్చి పెట్టుకున్నది నేనే కదా. ఇంటిదాకా వచ్చి నీళ్లు తాగేవాళ్లు లేకుండా పోయారు.

ఇక మా సందు సంగతి. అది సీసీ రోడ్డే, కానీ అడుగడుక్కీ లోతుగా అడ్డగీతలు కొట్టారు. చక్రాలేమో గట్టి ప్లాస్టిక్‌వి. పెట్టె లాగుతుంటే గడగడా గడగడా సందంతా మోగేది. మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. కౌడిపల్లి దిక్కు మనిషి, కొడుకు ఎరువుల దుకాణం పెట్టాక ఇక్కడికి వచ్చింది. మోకాళ్లు పట్టేసి మంచంలోనే ఉండేది. ఆ మంచం సందు వైపు కిటికీ పక్కనే. పాలాయన్ని తిట్టేది, కుక్కల్ని తిట్టేది, వానను కూడా తిట్టేది. రోజూ పొద్దుగూకగానే పడుకునే మనిషి, నేను కిటికీ దాటుతుంటే లోపల్నుంచి మొదలుపెట్టేది.

"గా గడగడేందే టీచరమ్మా! కొంపలు గూల్తున్నట్టు! జర నిద్రవోనియ్యవా?"

"చక్రాలవ్వా! నెత్తిన పెట్టుకొని రమ్మంటవా?" అనేదాన్ని నేనూ.

కొన్నాళ్లకు విసిగిపోయాను. అసలే అలసిపోయి వస్తాను, ఇంటి ముందు ఈ తిట్లొకటి. బజారులో బ్యాగులూ జిప్పులూ బాగుచేసే ఆయన దగ్గరికి పెట్టె తీసుకెళ్లి, ఆ గట్టి చక్రాలు పీకించి మెత్తటి రబ్బరువి వేయించాను. ఆ సాయంత్రం సందులో నా చెప్పుల చప్పుడే నాకు వినబడింది. కిటికీలోంచి మాట లేదు. పీడ విరగడైంది అనుకున్నాను.

అలా ఒక వారం గడిచింది. ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే అవ్వ కిటికీ చువ్వలు పట్టుకుని పిలిచింది.

"ఓ టీచరమ్మా, ఇటు రా."

"మల్ల ఏమైందవ్వా? ఇప్పుడు చప్పుడు లేదు గదా!"

"గదే అడుగుతున్న. చప్పుడేమాయె?"

"రబ్బరుయి ఏపిచ్చిన. నీకోసమే."

"నేను ఎయ్యమన్ననా?"

"రోజు తిడితివి గదనే!"

"తిడ్త. తిట్టి పండుకుంట." చువ్వల మధ్య నుంచి వేలు చూపించింది. "గిప్పుడు నువ్వొచ్చినవో రాలేదో నాకెట్ల ఎరుక? వారం సంది కన్ను మూతవడ్తలేదు. ఒక్కదానివి. ఏడికి వోయినవో, ఏ ఆటో ఎక్కినవో. టీచరమ్మ ఇంట్ల లైటు ఎలుగుతుందా చూడు పో అంటే, నా కోడలు నన్ను పిచ్చిదాని లెక్క చూస్తుంది."

చీపురు అక్కడే వదిలేసి లోపలికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదేమో. నేను ఇల్లు చేరానా లేదా అని కనిపెట్టుకుని ఉన్న మనిషి ఒకరున్నారు. అది తెలియక ఇన్నాళ్లూ ఎదురు మాటలు అంటూ దాటిపోయాను.

ఆ రోజే బజారుకు వెళ్లాను. "గా పాత చక్రాలు పారేసినవా?" అని అడిగాను.

"ఉన్నయి. గని మంచియి తీసి పాతయి ఎవలన్న ఏపిచ్చుకుంటరా అమ్మా?" అని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నేను ఏపిచ్చుకుంట. ఎయ్యి."

ఆ వారమే ఒక గృహ ప్రార్థన ఉంది. తిరిగి వస్తూ కిటికీ దగ్గర కావాలనే గట్టిగా లాగాను.

"వచ్చినవా?"

"వచ్చిన, అవ్వా."

"కొంపలు గూల్తున్నట్టు గా గడగడేందే! పో, తిని పండుకో."

నా వాయింపుకు ఎన్ని చప్పట్లు కొట్టారో గానీ, ఏ చప్పట్లకూ అంత సంతోషపడలేదు నేను. అప్పటినుంచి అదే మా వరస. నేను లాగుతాను, ఆమె తిడుతుంది, ఇద్దరం పడుకుంటాం. బయట వాళ్లు "నీకేందమ్మా, చక్రాలున్నయి" అంటే నొచ్చుకోవడం మానేశాను.

ఆ చలికాలం దాటింది గానీ ఎండలు ముదరకముందే అవ్వ పోయింది. మధ్యాహ్నం పూట, నేను బడిలో ఉండగా. వాళ్లు చర్చివాళ్లు కారు, వాళ్ల పద్ధతిలో కీబోర్డు పని లేదు. చావు జరిగిన ఇంటికి పెట్టె లేకుండా వెళ్లడం నాకు అదే మొదటిసారి. ఆడవాళ్ల మధ్య కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోడలు నా పక్కకు జరిగి, "నీ బండి చప్పుడు అయినంకనే గోడ దిక్కు తిరిగి పండుకునేదక్కా. అప్పటిదాంక కిటికీ దిక్కే సూస్తుండె" అంది.

వాళ్లు దుకాణం దగ్గరి ఇంటికి మారిపోయారు. పక్కిల్లు కిరాయికి ఇచ్చారు. పడుచు జంట దిగింది, వాళ్లకు నెలల పాప. ఉయ్యాల సరిగ్గా ఆ కిటికీ పక్కనే కట్టారు. ఒకరోజు ఆ పిల్ల తల్లి బెరుగ్గా మా గుమ్మం దాకా వచ్చింది.

"ఏమనుకోకుండ్రి ఆంటీ. మా పాప అప్పుడే పండుకుంటది. మీ బ్యాగు చప్పుడుకు ఉలిక్కిపడి లేస్తుంది. జర ఎత్తి పట్టుకొస్తరా?"

ఆ చప్పుడు నీకంటే ముందు నుంచి ఉంది ఇక్కడ అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. పసిపిల్ల ఏం చేసింది పాపం? ఒక్కదాన్ని ఆ పెట్టె ఎత్తలేనని ఆ అమ్మాయికి చెప్పాలనిపించలేదు. "సరే బిడ్డా" అన్నాను.

మళ్లీ రబ్బరు చక్రాలు వేయించాను. ఈసారి బజారాయన ఏమీ అడగలేదు.

మొన్న సాయంత్రం ఒక ఆదరణ కూడిక నుంచి వచ్చాను. "నీకేందమ్మా, చక్రాలున్నయి" అని అక్కడ ఎవరో అననే అన్నారు. సందులో చప్పుడు లేదు. కిటికీ దగ్గర అలవాటుగా కాళ్లు ఆగాయి. పరదా వెనక ఉయ్యాల తాడు కిర్రుమంటోంది. నన్నెవరూ ఏమీ అనలేదు. తాళం తీసి, పెట్టెను లోపలికి లాగి, తలుపు వేశాను. లైటు వేయకుండా గోడ అవతల ఒకప్పుడు అవ్వ మంచం ఉన్న వైపు తిరిగి నిలబడ్డాను.

"వచ్చిన, అవ్వా" అన్నాను. పైకే అన్నాను.

అప్పుడు లైటు వేశాను. తిని పడుకున్నాను.