మా ఊరికెందుకియ్యలే ఉప్పు?

బీపీ మీద పరిశోధన చేసే ఒక డాక్టరు గారి దగ్గర నేను ఇల్లిల్లూ తిరిగే పని చేశాను. ఎల్లారెడ్డి వైపు రెండు ఊళ్లు ఎంచుకున్నాం. ఒక ఊరికి సోడియం తగ్గించిన ఉప్పు ఉచితంగా పంచాం. రెండో ఊరికి ఏమీ ఇవ్వలేదు, బీపీ మాత్రం చూసి వచ్చేవాళ్లం. రెండూ పోల్చితే ఉప్పు మహిమ తేలుతుందని డాక్టరు గారు కామారెడ్డిలో మాకు పూటంతా పాఠం చెప్పారు.

కొన్నాళ్లకు ఉప్పు ఇవ్వని ఊళ్లో, బీడీలు చుట్టే ఒకావిడ వంటింట్లో మా ప్యాకెట్టే కనిపించింది.

"ఇదెక్కడిదమ్మా?"

"మా అవ్వ పంపింది సారూ. ఆ ఊళ్లె అందరికిచ్చిండ్రట. మాకెందుకియ్యలే? మేమేం పాపం జేసినం?"

నేను నేరుగా ఉప్పు పంచిన ఊళ్లో ఉన్న వాళ్లమ్మ ఇంటికి వెళ్లాను.

"ఆ ఉప్పు మీరే తినాలి అవ్వా" అన్నాను.

"బిడ్డకు పెట్టకుండ నేనెట్ల తింట? అది గూడ ఊకుంటదా? జాడీ నిండ మామిడికాయ తొక్కు పంపింది" అంటూ ముసలామె ఒక ముక్క నా చేతిలో పెట్టింది. ఉప్పు దండిగా ఉంది. చాలా బాగుంది కూడా.

సంగతి చెబితే డాక్టరు గారు తల పట్టుకుని, "సరే, ఒకరి పిల్లను ఒకరు చేసుకోని రెండు ఊళ్లు వెతకండి" అన్నారు.

ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాం.