మేమే కొట్టిన గండి

గండి అన్న మాట మా ఊళ్ళో ఊరికే అనరు. పొలాల నీళ్ళు పోయే మురుగు కాలువ గట్టు తెగిందని ఎవరు కేకేసినా, చేతిలో ముద్ద వదిలేసి గోనె సంచి పట్టుకుని పరుగెత్తాల్సిందే. వరద రోజుల్లో మా నాన్న అలాగే వెళ్ళేవారు. మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చి, గుమ్మం బయట నిలబడి, "గట్టు నిలబడింది" అనేవారు. ఆ మాట వినిపించాకే అమ్మ కాళ్ళకు నీళ్ళు తెచ్చేది.

అలాంటి మనిషి తన గట్టుకు తానే గండి కొట్టించడానికి ఒప్పుకున్నారు. మా చెల్లెలి కోసం. దాని అత్తవారి ఊరు అదే కాలువ మీద మాకు దిగువన ఉంది. గట్టి వాన పడితే చాలు, నీళ్ళు దాని ఇంట్లోకి వస్తాయి. రావూ మరి? కాలువకు అటూ ఇటూ ఉన్న మడుగులన్నిటికీ గట్లు పోసి చేపల చెరువులు చేసుకున్నాం. పరుచుకోవడానికి చోటు లేని నీరు ఎక్కడికి పోతుంది? మా పల్లపు చెరువు గట్టు ఒకచోట తెరిస్తే వరద అందులోకి మళ్ళి దిగువన జోరు తగ్గుతుందని ఇంజనీరుగారు వచ్చి చెప్పారు. నాన్న చెరువు గట్టంతా ఒకసారి తిరిగొచ్చారు. చివరికి, "చేపలు పట్టేశాక తెరుద్దాం లెండి" అన్నారు.

తెరిచాం. తొలకరికే నీళ్ళు మెల్లగా లోపలికి వచ్చాయి. జమ్ము మొలిచింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో, నత్తగొట్టు కొంగలు దిగాయి. నాన్న రోజూ వెళ్ళి కొంగల్ని చూసేవారు గానీ, గట్టు తెగిన వైపు కన్నెత్తి చూసేవారు కాదు. నాకు లోపల ఏదో భయంగానే ఉండేది.

అసలు వరద వినాయక చవితి దాటాక వచ్చింది. భోజనాల వేళ, మా సంగతి తెలియని పొరుగూరాయన ఎవరో బండి మీద పోతూ చూసి, "గండి పడిందండోయ్!" అని అరిచాడు. ఊరు ఊరంతా పరుగెత్తింది. గండి కొట్టిన వాళ్ళూ పరుగెత్తారు. నేను చేరేసరికి అందరికంటే ముందు నాన్నే ఉన్నారు.

"నాన్నా, అది మనం తెరిచిందే! వద్దు!" అని చెయ్యి పట్టుకు లాగాను.

విదిలించుకుని నా చేతిలోనే ఒక ఇసుక బస్తా పెట్టారు. "ముందు మూయరా!"

నేను కింద పడేస్తే వెనకాయన అందుకున్నాడు. సాయంత్రానికి పూడ్చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద చూపించను? అందరూ ఊరికి మంచి అనుకునే చేశారాయె.

ఇంటికొచ్చేసరికి అమ్మ చెల్లెలితో ఫోన్లో ఉంది. దాని గొంతు నాకూ వినిపిస్తోంది. "నీళ్ళు గుమ్మం దాటేశాయమ్మా. పిల్లల్ని మంచం మీద కూర్చోబెట్టాను. గట్టు తెరిచారుగా, ఈసారి రావన్నారుగా! ఏమైందో నాన్నని అడుగు."

నాన్న నా వెనకే వచ్చారు. గుమ్మం బయట, మోకాళ్ళదాకా బురదతో నిలబడ్డారు.

"గట్టు నిలబడింది" అన్నారు.

అమ్మ కాళ్ళకు నీళ్ళు తేలేదు. ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.